యాక్షన్ ఫిగర్ల క్రౌడ్‌ఫండింగ్: షిప్పింగ్ సొమ్ము ముందే తీసుకోవాలా, తరువాతా?

అచ్చుపని:
ఆరంగుళాల యాక్షన్ ఫిగర్ల చిన్న వరుస ఒకటి రూపొందించి, తయారీకి జనం నుంచి ముందే నిధులు సేకరించే కిక్‌స్టార్టర్ సైట్‌లో పెట్టబోతున్నాను. నమూనాలు సిద్ధమయ్యాయి, ఉక్కు అచ్చులకు ఎంత అవుతుందో ఫ్యాక్టరీ చెప్పింది. షిప్పింగ్ దగ్గరే ఆగిపోయాను. ఆ సొమ్మును ప్లెడ్జ్‌తోపాటే, అంటే కొనేవారు ప్రచార సమయంలో పెట్టే డబ్బుతోపాటే తీసుకోవాలా, బొమ్మలు తయారయ్యాక విడిగా వసూలు చేయాలా?

నిండిన_అలమార:
కొనేవాడిగా నా అనుభవం చెబుతాను. నేను డబ్బు పెట్టిన ఒక ప్రాజెక్టు 2020లో ముగిసింది, అందులో షిప్పింగ్‌ను ముందే కలిపేశారు. సరుకు ఓడ ఎక్కాల్సిన 2021లో కంటైనర్ల రవాణా ధరలు ఎన్నో రెట్లు పెరిగిపోయాయి. అదనంగా అడగడానికి మొహమాటపడిన తయారీదారు నెలల తరబడి ఒక్క ముక్క కూడా రాయలేదు. అడిగి ఉంటే చాలామందిమి ఇచ్చేవాళ్లం. మాకు కోపం తెప్పించింది ఆ మౌనమే.

రెండో_ప్రచారం:
నేను మొదటిసారి ముందే తీసుకుని నష్టపోయాను, రెండోసారి ప్లెడ్జ్ మేనేజర్ (ప్రచారం ముగిశాక చిరునామాలు, మిగతా సొమ్ము సేకరించే సేవ) ద్వారా తరువాత తీసుకున్నాను. ముందే తీసుకుంటే షిప్పింగ్ సొమ్ము కూడా నిధుల లక్ష్యంలోకి లెక్కకొస్తుంది కాబట్టి, అచ్చులకు కావలసిన డబ్బు నిజంగా రాకపోయినా లక్ష్యం చేరినట్టే కనిపిస్తుంది. ఆపైన కిక్‌స్టార్టర్ తీసుకునే 5 శాతం, చెల్లింపుల రుసుము ఆ సొమ్ము మీద కూడా పడతాయి.

అయితే అసలు దెబ్బ పెట్టె కొలతల్లో ఉంది. కొరియర్ సంస్థలు అసలు బరువునూ, పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5000తో భాగిస్తే వచ్చే బరువునూ పోల్చి, ఏది ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటాయి. నా మొదటి పెట్టె 30×25×10, అంటే ఒకటిన్నర కిలో. లోపలి బొమ్మ అరకిలో కూడా లేదు. లోపలి బొమ్మ కనిపించే అందమైన కిటికీ పెట్టె కోసం గాలికి డబ్బు కట్టాను. 24×16×8కి కుదించాక ఆ లెక్క దాదాపు 0.6 కిలోకు దిగింది.

మూడో_అర:
పన్నులను మరచిపోకండి. యూరోపియన్ యూనియన్‌లో 22 యూరోల లోపు సరుకుకు ఉన్న వ్యాట్ మినహాయింపు 2021 జూలై 1న పోయింది. అమెరికా కూడా 800 డాలర్ల లోపు పార్సిళ్లకిచ్చే సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ నిలిపివేసింది. సుంకం మీరు కడతారా, అందుకునేవారు కట్టాలా అన్నది ప్రచారం పేజీలోనే రాయండి. గుమ్మం దగ్గర డబ్బు అడిగితే పార్సిల్ తిప్పి పంపేవారు ఉంటారు, ఆ తిరుగు ఖర్చు మీ నెత్తినే పడుతుంది.

అచ్చుపని:
అందరికీ కృతజ్ఞతలు. తరువాతే తీసుకుంటాను, కానీ ప్రాంతాలవారీగా కనిష్ఠ, గరిష్ఠ అంచనాలు మొదటి రోజే పేజీలో పెడతాను. ఒక చిక్కు మిగిలింది: నా ఫిగర్లలో ఒకదానికి రెక్కలున్నాయి, దానివల్లే పెట్టె 14 సెంటీమీటర్ల ఎత్తు వస్తోంది.

రెండో_ప్రచారం:
రెక్కలను భుజం దగ్గర ఊడదీసి బిగించే కీలుగా మార్చి, ట్రే అడుగున పరిచి పెట్టించండి. అచ్చు కోయకముందే ఆ మార్పు చేయాలి; ఉక్కు కోశాక సవరణ చాలా ఖరీదైన పని.

నిండిన_అలమార:
పెట్టె విప్పని సేకర్తలు మాత్రం రెక్కలు విప్పారి కనిపించలేదని గొణుగుతారు. గొణగనివ్వండి.