వీడియో చూసి లాగ్‌బుక్‌లో సంతకం పెట్టొచ్చా?

మధురవాడ_ట్యూటర్:
పూర్తిగా ఆన్‌లైన్ బోధనలోకి మారాలనుకునే నర్సింగ్ ట్యూటర్లకు ఎదురయ్యే ప్రశ్న ఇది. విద్యార్థి ఇంటి దగ్గర చేసి పంపిన వీడియో చూసి, ఆ ప్రొసీజర్ వచ్చేసినట్టు లాగ్‌బుక్‌లో (నేర్చిన ప్రొసీజర్లు నమోదు చేసే పుస్తకం) సంతకం పెట్టొచ్చా? పెట్టొచ్చనే నా మాట. క్లినికల్ గంటల్లో (వార్డులో పేషెంట్ల దగ్గర చేసేవి) సగం వరకూ సిమ్యులేషన్‌తో (పేషెంట్ బదులు నమూనా మీద చేయించేది) నింపినా ఫలితాల్లో తేడా రాలేదని అమెరికాలో 2014లో వచ్చిన ఎన్‌సీఎస్‌బీఎన్ (అక్కడి నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి) అధ్యయనం తేల్చింది. వార్డులో పదిహేను మంది గుమిగూడితే వెనకవాళ్ళకు కనబడేవి ముందువాళ్ళ వీపులే. వీడియోనైతే ఆపి, వెనక్కి తిప్పి చూడొచ్చు.

మహారాణిపేట_సిస్టర్:
మేడమ్, ఆ అధ్యయనాన్ని ఇక్కడికి తేకండి. అక్కడ సిమ్యులేషన్ అంటే ల్యాబ్‌లో మానికిన్ (మనిషి సైజు బొమ్మ) ముందు నిలబడి చేసింది. పక్కన శిక్షణ పొందిన టీచరు ఉంటారు, అయ్యాక కూర్చోబెట్టి తప్పొప్పులు చర్చించే డీబ్రీఫింగ్ చేస్తారు. ఇంట్లో తలగడకు సూది గుచ్చి తీసిన వీడియో దాంతో సమానం కాదండి. మన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021 సిలబస్ చూడండి, ల్యాబ్‌నీ వార్డునీ వేరువేరుగానే లెక్కిస్తుంది: ఒక క్రెడిట్‌కి థియరీ అయితే వారానికి 1 గంట, స్కిల్ ల్యాబ్ అయితే 2, క్లినికల్ అయితే 4.

డ్రిప్ సంగతే తీసుకుందాం. 500 మి.లీ. సెలైన్ 4 గంటల్లో వెళ్ళాలి, డ్రిప్ సెట్ మి.లీ.కి 20 చుక్కలు వేసేది. 500ని 20తో గుణించి 240 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి దాదాపు 42 చుక్కలు. ఈ లెక్క వార్డులో కన్నా ఆన్‌లైన్‌లోనే బాగా చెప్పొచ్చు, నేనూ ఒప్పుకుంటా. కానీ రోలర్ క్లాంప్ (చుక్కల వేగం మార్చే చక్రం) సరిచేసి అటు వెళ్ళగానే పేషెంట్ చెయ్యి మడుస్తారు, చుక్క ఆగిపోతుంది. విద్యార్థి మళ్ళీ వచ్చి వాచీ చూసుకుంటూ లెక్కపెట్టిందా? కాన్యులా (నరంలో పెట్టిన సన్న గొట్టం) చుట్టూ తడిమిందా? అక్కడ వాపు ఉండి చర్మం చల్లగా తగిలితే సెలైన్ నరం బయటికి, చర్మం కిందికి పోతున్నట్టే. ఆ చల్లదనం కెమెరాకి తెలియదు.

గాజువాక_స్కిల్‌ల్యాబ్:
వీడియో తీయించేవాళ్ళకు ఒక మాట. ఫోన్ ఎదురుగా పెడితే కుడిచెయ్యేదో ఎడమచెయ్యేదో చూసేవాళ్ళు తికమక పడతారు. భుజం వెనక నుంచి, కాస్త ఎత్తులో పెట్టాలి. అయితే అక్కడి నుంచి సూది కోణం తెలియదు. ఇంట్రామస్కులర్ (కండలోకి) 90 డిగ్రీలు, ఇంట్రాడెర్మల్ (చర్మం పొరలోకి) 10–15 డిగ్రీలు అని పోల్చుకోవాలంటే పక్కనుంచి ఇంకో క్లిప్ కావాల్సిందే. మధ్యలో కట్ చేసిన వీడియో అసలు తీసుకోవద్దు. స్టెరైల్ గ్లౌజు ఎక్కడ శుభ్రంగా లేనిదానికి తగిలిందో అక్కడే కత్తిరిస్తారు. పాడేరు, అరకు వైపు పిల్లలకు సిగ్నల్ దొరికినప్పుడు దింపుకునేలా డెమో ఫైలు ముందురోజే, తక్కువ సైజులో పంపండి.

మధురవాడ_ట్యూటర్:
సిమ్యులేషన్ విషయంలో మీరన్నదే సరి సిస్టర్. కానీ చేతులు కడగడం? సబ్బుతో 40–60 సెకన్లు, వరస తప్పకుండా. కట్ లేని వీడియోలో అది పూర్తిగా కనబడుతుంది కదా.

మహారాణిపేట_సిస్టర్:
దానికి పెట్టండి, అభ్యంతరం లేదు. కాన్యులా, క్యాథెటర్ (మూత్రం గొట్టం), ముక్కు గొట్టం మాత్రం సంతకం చేసేవాళ్ళు మంచం పక్కన ఉండి చూడాల్సిందే. ఆన్‌లైన్ ఉద్యోగంలో చేరేవాళ్ళు కూడా వారానికి రెండు రోజులైనా వార్డు ఉండేలా ముందే రాయించుకోండి. అనుభవ సర్టిఫికెట్‌లో ఆన్‌లైన్ గంటలు, క్లినికల్ గంటలు వేరువేరుగా రాయమనండి, రోస్టర్ (డ్యూటీ పట్టిక) కాపీలు మీ దగ్గరే దాచుకోండి.