దీపావళి విందు: గుడి విరాళాల టేబుల్‌కి ఇద్దరు కావాలి

అందరికీ నమస్కారం. నవంబర్ 14 శనివారం విందులో, ఇక్కడ అమెరికాలోని మన గుడి విస్తరణ ఫండ్ కోసం టేబుల్ వేస్తున్నాం. ఈసారి కాఫీ పక్కన. పోయినేడు గుమ్మం దగ్గర పెడితే సగం మంది ఫోన్ చూసుకుంటూ జారుకున్నారు. సాయంత్రం 6 నుంచి 8:30 దాకా కూర్చోడానికి ఇద్దరు కావాలి. చెక్కులు తీసుకోవడం కాదు పని, ఎలా ఇస్తే మేలో చెప్పడం.

ఎందుకంటే, మన అంకుల్ ఒకాయన గుడికి 20,000 డాలర్లు ఇద్దామని, ఎప్పుడో 4,000కి కొన్న షేర్లు అమ్మేసి చెక్కు రాశారు. 16,000 లాభం మీద 15 శాతం, అంటే 2,400 ఫెడరల్ టాక్స్ చేతినుంచి పోయింది. అవే షేర్లు అమ్మకుండా గుడి బ్రోకరేజ్ ఖాతాకి పంపేస్తే ఆ టాక్సే లేదు. ఏడాది దాటిన షేర్లు కాబట్టి, ఐటమైజ్ చేసేవాళ్ళు (ఖర్చులూ విరాళాలూ విడివిడిగా చూపి టాక్స్ తగ్గించుకునేవాళ్ళు) ఇవాళ్టి విలువ 20,000 లెక్కన రాసుకోవచ్చు కూడా, ఆ ఏటి ఆదాయంలో 30 శాతం మించకుండా; కాకపోతే 2026 నుంచి ఏటి విరాళాల్లో ఆదాయంలో 0.5 శాతం దాటిన భాగానికే తగ్గింపు. నష్టంలో ఉన్న షేర్లయితే మాత్రం ముందు అమ్మి, నష్టం రాసుకుని, డబ్బు ఇవ్వడమే మంచిది.

టీమ్‌లు అడిగిన ప్రశ్నలూ, నా జవాబులూ ఇవి.

రిజిస్ట్రేషన్ టీమ్: నేను కూర్చుంటాను, అన్నా. మా మామగారికి 74. ఐఆర్ఏ (సొంత రిటైర్మెంట్ పొదుపు ఖాతా) లోంచి ఈ వయసులో రూల్ ప్రకారం ఏటా కొంత ఎలాగూ తీయాల్సిందే కదా, అది గుడికి ఇవ్వచ్చా?

ఇవ్వచ్చమ్మా, ఆయనకి అదే అన్నిటికన్నా మంచి దారి. డెబ్బై ఏళ్ళ ఆరు నెలలు నిండిన వాళ్ళు 2026లో 1,11,000 డాలర్ల దాకా ఐఆర్ఏ నుంచి నేరుగా ఇవ్వచ్చు. ఆదాయంలో కలవదు, ఆ ఏడు తీయాల్సిన మొత్తంలోకి జమ అవుతుంది, ఐటమైజ్ చేసే పనీ లేదు. కానీ డబ్బు ఆయన బ్యాంకు ఖాతాలో పడిందా, అయిపోయింది. చెక్కు గుడి పేరు మీదే రావాలి. 401కె (ఉద్యోగం ద్వారా వచ్చే రిటైర్మెంట్ ఖాతా) నుంచి కుదరదు.

భోజనాల టీమ్: ఆ డబ్బుతో వెయ్యి డాలర్ల స్పాన్సర్ టేబుల్ తీసుకోవచ్చా? పది ప్లేట్లు వస్తాయి.

వద్దు! ఐఆర్ఏ విరాళానికి బదులుగా ఒక్క ప్లేటు కూడా ఇవ్వకూడదు. మామూలు చెక్కుతో తీసుకుంటే, ప్లేటు 40 అనుకుంటే, 400 తీసేసి, 600 మాత్రమే విరాళం. ఆ లెక్క రసీదులో రాసివ్వాలి. భోజనాల వాళ్ళు ప్లేటు ధర ఈ వారంలో చెప్పండి.

యూత్ టీమ్: మాకు ఐఆర్ఏ గొడవ లేదు, ఐటమైజ్ చేయడానికి ఇంటి లోనూ లేదు. మాకేంటి లాభం?

2026 నుంచి ఐటమైజ్ చేయకపోయినా దంపతులకు 2,000, ఒంటరివాళ్ళకు 1,000 దాకా నగదు విరాళం తగ్గింపు ఉంది. 250 గానీ ఆపైన గానీ ఇస్తే గుడి నుంచి రాతపూర్వక రసీదు తీసుకోండి. తిరుమల హుండీలో వేసింది ఇక్కడి టాక్సులో చెల్లదని ఎవరైనా అడగకముందే చెప్పండి, ప్రతిసారీ వచ్చే ప్రశ్నే.

పెద్దవాళ్ళతో ఒక్క మాట జాగ్రత్తగా. పిల్లలకి ఐఆర్ఏ వదిలితే వాళ్ళు సాధారణంగా పదేళ్ళలో ఖాళీ చేసి టాక్స్ కట్టాలి. గుడికి వదిలితే టాక్స్ లేదు. అందుకే ఇల్లు పిల్లలకి, ఐఆర్ఏలో కొంత గుడికి అని కొందరు పెట్టుకుంటారు. దానికి వీలునామా తిరగరాయక్కర్లేదు, నామినీ ఫారంలో గుడి పేరు, శాతం రాస్తే చాలు. 401కె అయితే భార్య లేదా భర్త సంతకం కావాలి. మన దగ్గర ఎవరి ఫారాలూ నింపొద్దు, వాళ్ళ సీపీఏ (టాక్స్ అకౌంటెంట్) దగ్గరికే పంపండి.

ఫ్లయర్ డిజైన్ చేసేవాళ్ళూ, ‘వీలునామా’ అని పైన పెద్దక్షరాలతో వేయకండి. పండగపూట అది చూసి మా అత్తగారే లేచి వెళ్ళిపోతుంది. గుడి ఈఐఎన్ (టాక్స్ గుర్తింపు నంబరు), బ్రోకరేజ్ ఖాతా వివరాలు గురువారానికి నేను పంపిస్తాను. రెండో వాలంటీర్ ఇంకా కావాలి.