రూట్ ఓనర్‌గా ఉన్న ఫైల్‌ని స్టూడెంట్ అకౌంట్ ఎలా మార్చింది?

ల్యాబ్ అడ్మిన్:
మా కాలేజీ ల్యాబ్‌లో ఉబుంటు సర్వర్ ఉంది. ఫైళ్లు సేవ్ కావట్లేదని పిల్లలు గొడవ చేస్తే, ఇన్‌స్టాల్ చేసినతను ప్రాజెక్ట్స్ ఫోల్డర్‌కి చ్‌మాడ్ 777 కొట్టి, అంటే అందరికీ చదివే, రాసే, నడిపే హక్కులన్నీ ఇచ్చేసి వెళ్లాడు. రాత్రిపూట రూట్ (సర్వర్ మీద సర్వాధికారాలున్న అకౌంట్) క్రాన్ (చెప్పిన టైమ్‌కి పనులు నడిపే ప్రోగ్రామ్) నడిపే బ్యాకప్ స్క్రిప్ట్ కూడా అందులోనే ఉంది. దాని ఓనర్ రూట్, పర్మిషన్ 755. ఇవాళ చూస్తే అందులో కొత్త లైన్లున్నాయి, ఓనర్‌గా ఒక స్టూడెంట్ పేరుంది! 755 అంటే వేరేవాళ్లు రాయలేరు కదా? చాలా టెన్షన్‌గా ఉంది.

పాత యునిక్స్:
ఓనర్ మారిందన్నారు చూడండి, జవాబు అక్కడే ఉంది. మీ ఫైల్‌లో ఎవరూ రాయలేదు. దాన్ని తీసేసి, అదే పేరుతో కొత్తది పెట్టారు. యునిక్స్‌లో ఫైల్‌ని డిలీట్ చేయాలన్నా, పేరు మార్చాలన్నా ఆ ఫైల్ మీద రైట్ పర్మిషన్ అక్కర్లేదు. అది ఉన్న డైరెక్టరీ మీద రైట్, ఎగ్జిక్యూట్ ఉంటే చాలు. డైరెక్టరీ అంటే పేర్ల పట్టిక, డిలీట్ అంటే ఆ పట్టికలో పేరు కొట్టేయడం. 777 ఆ పట్టికని అందరి చేతికీ ఇచ్చేసింది.

అసలు భయపడాల్సింది దీనికి: క్రాన్ ఆ స్క్రిప్ట్‌ని ఒక్కసారి నడిపినా ఆ లైన్లు రూట్ హోదాలో నడిచినట్టే. ముందు నెట్‌వర్క్ కేబుల్ పీకండి. స్క్రిప్ట్‌ని చెరపకుండా కాపీ దాచండి. ఆ అబ్బాయి పాస్‌వర్డ్ ఇంకొకరికి తెలిసి ఉండొచ్చు, అప్పుడే కేకలేయకండి.

విద్యార్థి:
అన్నా, 1777 పెడితే సరిపోదా? టెంప్ డైరెక్టరీకి అదే కదా ఉండేది?

పాత యునిక్స్:
మంచి ప్రశ్న తమ్ముడూ. ముందున్న 1 స్టికీ బిట్. అది ఉంటే ఫైల్ ఓనరో, డైరెక్టరీ ఓనరో, రూటో తప్ప ఇంకెవరూ ఫైల్‌ని తీసేయలేరు. ఈ దాడి ఆగేది. కానీ ప్రాజెక్ట్స్ ఫోల్డర్‌లోకి ప్రతి అకౌంటూ ఎందుకు రావాలి? పిల్లలందరినీ ఒక గ్రూపులో వేసి, ఫోల్డర్‌ని ఆ గ్రూపుకిచ్చి, ఓనర్‌గా రూట్‌ని ఉంచి 3770 పెట్టడం మేలు. ముందున్న 3 అంటే 1, 2 కలిపి: 1 స్టికీ బిట్, 2 వల్ల కొత్త ఫైళ్లన్నీ అదే గ్రూపుకి చెందుతాయి. రూట్ నడిపే స్క్రిప్ట్ మాత్రం రూట్ తప్ప ఎవరూ రాయలేని డైరెక్టరీలోనే ఉండాలి. పైనున్న డైరెక్టరీలు కూడా అలాగే ఉండాలి.

ల్యాబ్ అడ్మిన్:
కేబుల్ తీశాను సార్. కొత్త లైన్లలో బ్యాష్‌ని (కమాండ్లు నడిపే షెల్) వేరే చోటికి కాపీ చేసి చ్‌మాడ్ 4755 కొట్టి ఉంది.

పాత యునిక్స్:
అది సెట్‌యూఐడీ, అంటే ఎవరు నడిపినా ఫైల్ ఓనర్ హోదాలో నడిచే ఏర్పాటు. ఇక్కడ ఆ ఓనర్ రూట్. ఆ కాపీతో ఎప్పుడైనా రూట్ కావచ్చు. దాన్నొక్కదాన్ని తీసేస్తే సరిపోదు, ఇంకేం పెట్టారో తెలియదు. పిల్లల ఫైళ్లు మాత్రం బయటికి తీసుకుని, ఓఎస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి, పాస్‌వర్డ్‌లన్నీ మార్పించండి.