కాలేజీ అమ్మాయిల గోల్ఫ్: కప్పు కొట్టేది కోచా, వచ్చే పిల్లలా?

డల్లాస్ నాన్న:
అందరికీ నమస్కారం. మా పాప తొమ్మిదో క్లాసు. గోల్ఫ్ బాగానే ఆడుతుంది, కాలేజీ జట్టులో ఆడాలని గట్టి కోరిక. ఏయే కాలేజీలు చూడాలి అని మా వాట్సాప్ గ్రూపులో అడిగితే ఆ సంగతి పక్కకుపోయి గొడవ మొదలైంది. "కాలేజీ కంటే ముందు కోచ్‌ని చూడాలి. కోచ్‌గా ఆన్ వాకర్ 2012లో వచ్చాకే కదా స్టాన్‌ఫర్డ్ అమ్మాయిలు 2015, 2022, 2024లో ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల సంఘం) టైటిల్ కొట్టింది" అన్నాను. దానికి ఒకాయన, "రోజ్ ఝాంగ్ లాంటి పిల్లను చేతిలో పెడితే మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూడా కప్పు కొడతాడు. కాలేజీ కోచ్ అంటే వ్యాన్ నడిపి, శాండ్‌విచ్‌లు కొనిపెట్టే మనిషి" అన్నాడు. అంతే, గ్రూపు రెండుగా చీలింది. ఇక్కడ ఆట తెలిసినవాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. బంతి కొట్టేది పిల్ల. స్వింగ్ నేర్పేది ఇంటి దగ్గరి కోచ్. మధ్యలో ఈ కాలేజీ కోచ్ చేసేదేంటి?

ఈస్ట్‌పాయింట్ రాజు:
వాచ్‌మన్ మాట మోటుగా ఉంది గానీ నేనూ అటువైపే. రోజ్ ఝాంగ్ స్టాన్‌ఫర్డ్‌లో అడుగు పెట్టకముందే, 2020లోనే యూఎస్ విమెన్స్ అమెచ్యూర్ గెలిచింది. ప్రపంచ అమెచ్యూర్ ర్యాంకింగ్‌లో నంబర్ వన్‌గా కాలేజీకి వచ్చింది. రెండేళ్లలో 20 టోర్నీలు ఆడి 12 గెలిచింది, 2022లోనూ 2023లోనూ ఎన్‌సీఏఏ వ్యక్తిగత టైటిల్ కొట్టింది, ప్రొఫెషనల్ అయ్యాక ఆడిన మొదటి ఎల్‌పీజీఏ (మహిళల ప్రొఫెషనల్ టూర్) టోర్నీనే గెలిచింది. ఇందులో కోచ్ వాటా ఎంత? మన ఇంటిపేరుతో ఉన్న మేఘా గన్నె సంగతీ అంతే. 2021 యూఎస్ విమెన్స్ ఓపెన్ మొదటి రౌండ్ అయ్యేసరికి 17 ఏళ్ల ఆ పిల్ల ఉమ్మడిగా మొదటి స్థానంలో ఉంది. అప్పటికింకా హైస్కూలే. స్టాన్‌ఫర్డ్ డిగ్రీ, కాలిఫోర్నియా ఎండ, క్యాంపస్‌లోనే సొంత కోర్స్. ఇవి చూసి పిల్లలు వాళ్లంతట వాళ్లే వస్తారు. కోచ్‌కి అది వడ్డించిన విస్తరి.

బే ఏరియా బాబాయ్:
రాజు గారూ, వడ్డించిన విస్తరే అయితే ఏటా తినాలి కదా? 2021, 2023, 2025 మూడుసార్లూ నాలుగు రౌండ్ల స్ట్రోక్ ప్లే అయ్యాక పట్టికలో పైనున్నది స్టాన్‌ఫర్డే. మూడుసార్లూ మ్యాచ్ ప్లేలో ఓడిపోయింది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా: స్ట్రోక్ ప్లే అంటే మొత్తం దెబ్బల లెక్క, ఎంత తక్కువైతే అంత మంచిది; అందులో జట్టుకి ఐదుగురు ఆడతారు, రోజూ మంచి స్కోర్లు నాలుగు లెక్కలోకి వస్తాయి. అలా పైన నిలిచిన 8 జట్లు మ్యాచ్ ప్లేకి వెళ్తాయి. అక్కడ ఎవరు ఎక్కువ హోల్స్ గెలిచారన్న లెక్కన ఒకరితో ఒకరు ఐదు మ్యాచ్‌లు, మూడు గెలిచినవాళ్లది జట్టు. అమ్మాయిలకి ఈ పద్ధతి 2015 నుంచి ఉంది. టాలెంట్ ఒక్కటే చాలితే స్టాన్‌ఫర్డ్‌కి ఈపాటికి ఆరు టైటిళ్లు ఉండాలి.

ఈస్ట్‌పాయింట్ రాజు:
బాబాయ్ గారూ, మీరు నా తరఫున వాదిస్తున్నారని గమనించారా? టాలెంట్ ఉండి మూడుసార్లు పోగొట్టుకుంటే, ఆ మూడుసార్లు కోచ్ ఏం చేసినట్టు?

బే ఏరియా బాబాయ్:
18 హోల్స్ మ్యాచ్ ప్లేలో ఎవరు ఎవరినైనా ఓడిస్తారు, అది ఆట స్వభావం. ఏటా ఆ గుమ్మం దాకా తీసుకెళ్లడమే కోచ్ పని అంటాను నేను. 2015 ఫైనల్ గుర్తుందా? బేలర్ మీద. మరైయా స్టాక్‌హౌస్ రెండు హోల్స్ మిగిలుండగా రెండు వెనకబడి ఉంది. 17, 18 రెండూ గెలిచి, అదనపు హోల్‌లో మ్యాచ్ లాగేసింది. స్టాన్‌ఫర్డ్ 3-2తో గెలిచింది, అమ్మాయిల గోల్ఫ్‌లో ఆ కాలేజీకి అదే మొదటి ఎన్‌సీఏఏ టైటిల్. ఎండా, డిగ్రీ, కోర్స్ అంతకుముందూ ఉన్నాయిగా. టైటిల్ ఎందుకు రాలేదో?

ఈస్ట్‌పాయింట్ రాజు:
స్టాక్‌హౌస్ కాలేజీలో చేరిందీ 2012లోనే, వాకర్ వచ్చిందీ 2012లోనే. అంటే ఆ పిల్లను రప్పించింది అంతకుముందున్న కోచే అయ్యుండాలి. ఆ లెక్కన మొదటి కప్పులో సగం పాత కోచ్‌ది.

చికాగో శ్రీను:
మీరిద్దరూ స్టాన్‌ఫర్డ్ దగ్గరే తిరుగుతున్నారు, అక్కడ తేలదు. కోచ్ విలువ తెలియాలంటే మంచు కురిసే చోటు చూడాలి. 2025 ఫైనల్లో స్టాన్‌ఫర్డ్‌ని 3-2తో ఓడించింది ఎవరు? నార్త్‌వెస్టర్న్. మా ఊరి పక్కన ఎవాన్‌స్టన్. జనవరిలో ఇక్కడ గోల్ఫ్ కోర్స్ ఎక్కడుందో వెతుక్కోవాలి, అంత మంచు. పిల్లలు నెలల తరబడి ఇండోర్ సెంటర్లో వలలోకి బంతులు కొడుతూ, కృత్రిమ గ్రీన్ మీద పుటింగ్ చేస్తూ గడుపుతారు. నిజమైన గడ్డి మీద ఆడాలంటే ఫ్లైటెక్కి దక్షిణానికి పోవాలి. కోచ్ ఎమిలీ ఫ్లెచర్ అక్కడ 2008 నుంచి ఉంది. 2017లో ఫైనల్ దాకా వచ్చి అరిజోనా స్టేట్ చేతిలో ఓడింది. మళ్లీ ఎనిమిదేళ్లు పట్టింది. మధ్యలో వదిలేసి ఎండ ఉన్న కాలేజీకి పోవచ్చు కదా? పోలేదు.

ఇంకొకటి చూడండి. ఓల్ మిస్, అంటే మిసిసిపీ యూనివర్సిటీ. కోచ్‌గా కోరీ హెంక్స్ 2015లో చేరేనాటికి ఎస్‌ఈసీలో (దక్షిణాది కాలేజీల లీగ్) ఆ జట్టుని లెక్కలోకి తీసుకునేవాళ్లే లేరు. 2021లో ఎన్‌సీఏఏ గెలిచింది. ఆ యూనివర్సిటీలో అమ్మాయిల జట్టు ఏ ఆటలోనైనా గెలిచిన మొదటి ఎన్‌సీఏఏ టైటిల్ అది. రోజ్ ఝాంగ్ లేదు, స్టాన్‌ఫర్డ్ డిగ్రీ లేదు. దీనికేమంటారు రాజు గారూ?

ఈస్ట్‌పాయింట్ రాజు:
ఓల్ మిస్‌కి ఎస్‌ఈసీ ఫుట్‌బాల్ టీవీ డబ్బు ఉందంటాను. నార్త్‌వెస్టర్న్ మాత్రం ఒప్పుకుంటా, అది వేరే కథ. కానీ ఇకమీదట అలాంటివి కష్టం. అమ్మాయిల గోల్ఫ్‌కి మొన్నటిదాకా జట్టుకి 6 స్కాలర్‌షిప్‌ల పరిమితి ఉండేది, అబ్బాయిలకైతే నాలుగున్నరే. అబ్బాయిల ఫుట్‌బాల్‌కి 85 ఇచ్చేసి, చదువులో ఆటల్లో ఆడామగా తేడా చూపకూడదనే 1972 నాటి టైటిల్ నైన్ చట్టం ప్రకారం అమ్మాయిల వైపు సరిచేయాల్సి రావడం వల్ల ఆ తేడా. 2025లో కోర్టు సెటిల్‌మెంట్ తర్వాత ఆ పరిమితి పోయింది. ఆ ఒప్పందంలో చేరిన కాలేజీ, జట్టులో తొమ్మిదిమందికి మించకుండా, కావాలంటే తొమ్మిదిమందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు. పైగా ఇప్పుడు పిల్లలు ఏ ఏడాదికా ఏడాది కాలేజీ మారిపోవచ్చు. కోచ్ ఓపిగ్గా మూడేళ్లు తీర్చిదిద్దిన పిల్లను నాలుగో ఏడు డబ్బున్న కాలేజీ ఎగరేసుకుపోతుంది. డ్యూక్‌లో డాన్ బ్రూక్స్ కోచ్‌గా 1984లో చేరితే మొదటి టైటిల్ 1999లో వచ్చింది. తర్వాత ఆరు వచ్చాయి, మొత్తం ఏడు. అరిజోనా స్టేట్‌లో లిండా వోల్‌స్టెడ్ కూడా పదేళ్లు ఆగాకే 1990లో మొదటిది కొట్టింది, ఆ దశాబ్దంలోనే ఆరు. ఇవాళ ఏ కాలేజీ పదిహేనేళ్లు ఆగుతుంది చెప్పండి?

బర్డీ పాప:
అందరికీ నమస్తే. నేను డివిజన్ వన్‌లో (కాలేజీ ఆటల్లో అన్నిటికంటే పై స్థాయి) నాలుగేళ్లు ఆడాను, ఇప్పుడు ఆఫీసు ఉద్యోగం. అంకుల్స్ అందరూ కప్పుల లెక్క చెబుతున్నారు, కోచ్ పని కప్పు దగ్గర కనిపించదు. లైనప్ దగ్గర కనిపిస్తుంది.

జట్టులో ఎనిమిది, తొమ్మిదిమంది ఉంటారు. టోర్నీకి వెళ్లేది ఐదుగురు. ఆ ఐదుగురు ఎవరు? కొందరు కోచ్‌లు క్వాలిఫయింగ్ రౌండ్లు ఆడించి స్కోరు ప్రకారం తీసుకుంటారు. కొందరు ముగ్గురిని స్కోరు మీద, ఇద్దరిని తన ఇష్టం మీద. నేను మొదట చేరిన కాలేజీలో క్వాలిఫయింగ్ పేరుకే. మూడో స్థానంలో వచ్చిన వారం కూడా రాత్రి పదకొండుకి మెసేజ్ వచ్చేది, అందులో నా పేరు ఉండేది కాదు. కారణం చెప్పేవాళ్లు కాదు. ఏడాది తిరిగేసరికి జట్టులో ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోని పరిస్థితి. పక్కపిల్ల షాట్ నీళ్లలో పడితే లోపల సంతోషపడే స్థితికి వచ్చాం. ట్రాన్స్‌ఫర్ పెట్టుకున్నా.

రెండో కాలేజీ చిన్నది, ర్యాంకింగ్ కూడా తక్కువే. అక్కడి కోచ్ రూల్ కాగితం మీద రాసి లాకర్ రూమ్‌లో అంటించేది: ఎన్ని రౌండ్లు, ఏ స్కోర్లు లెక్క, తన ఇష్టానికి ఒక్క స్థానమే. ఆ ఒక్క స్థానం ఎవరికిచ్చినా రానివాళ్లని విడివిడిగా పిలిచి ఎందుకో చెప్పేది. ఆరో పిల్ల ఏడ్చేది, కానీ మర్నాడు ప్రాక్టీసుకి వచ్చేది.

కోర్స్ మీద కోచ్ ఏం చేస్తుందంటారా? కాలేజీ గోల్ఫ్‌లో క్యాడీలు ఉండరు, బ్యాగు మనమే తోసుకోవాలి. రౌండ్ మధ్యలో సలహా చెప్పే హక్కు కోచ్‌కే ఉంటుంది. మా కోచ్ ఎక్కువగా పార్ 3 హోల్ (మూడు దెబ్బల్లో ముగించాల్సింది) టీ దగ్గర, అంటే మొదటి దెబ్బ కొట్టే చోట, నిలబడేది. మొదట వెళ్లిన పిల్ల బంతి ఎక్కడ పడిందో చూసి వెనకొచ్చేవాళ్లకి చెప్పేది, "జెండా దగ్గర గాలి ఎదురు, కింద తెలియట్లేదు, ఒక క్లబ్ ఎక్కువ తీసుకో" అని. ఒకసారి నేను ట్రిపుల్ బోగీ (పార్ కంటే మూడు దెబ్బలు ఎక్కువ) చేసి వస్తుంటే గోల్ఫ్ మాటే ఎత్తలేదు. అరటిపండు చేతిలో పెట్టి, మిడ్‌టర్మ్ ఎప్పుడు అని అడిగింది. తర్వాతి మూడు హోల్స్ పార్ చేశా. శాండ్‌విచ్‌లు కూడా కొనిపెట్టేది లెండి, టర్కీ శాండ్‌విచ్. నాకు ఇప్పటికీ దాని వాసన పడదు.

బే ఏరియా బాబాయ్:
బాగా చెప్పావు తల్లీ. నేను రేచల్ హెక్ గురించి చెప్పాలనుకున్నదీ ఇదే. 2021లో మొదటి ఏడాదే ఎన్‌సీఏఏ వ్యక్తిగత చాంపియన్. తర్వాతి ఏడాది రోజ్ ఝాంగ్ వచ్చి ఆ వెలుగంతా తీసుకుంది. ఈ పిల్లకి గాయాలు, సర్జరీ. ఇంకోచోటయితే వెళ్లిపోయేది, లేదా ప్రొఫెషనల్ అయ్యేది. నాలుగేళ్లూ ఉండి, 2024లో టైటిల్ గెలిచిన జట్టులో ఆడి, ప్రొఫెషనల్ గోల్ఫ్ వద్దనుకుని ఎయిర్ ఫోర్స్ ఆఫీసర్ అయింది. ఒకే గదిలో ఇద్దరు చాంపియన్లని ఉంచి ఇద్దరూ ఉక్కిరిబిక్కిరి కాకుండా చూడటం చిన్న పనా? వాచ్‌మన్ చేస్తాడా?

ఈస్ట్‌పాయింట్ రాజు:
వాచ్‌మన్‌ని వదిలేయండి పాపం. ఆ పిల్ల గట్టి మనిషి అని ఎందుకు అనుకోకూడదు? మంచి జరిగితే కోచ్, చెడు జరిగితే ఆట స్వభావం. ఈ లెక్క నాకు నచ్చట్లేదు. అసలు కాలేజీ దాకా ఎందుకు, అదితి అశోక్ ఏ కాలేజీ జట్టులోనూ ఆడకుండా 17 ఏళ్లకే ప్రొఫెషనల్ అయి, టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

చికాగో శ్రీను:
అదితి ఒక్కతే కదండీ. ఆ వయసులో ప్రొఫెషనల్ అయి, సొంత ఖర్చుతో దేశాలు తిరిగి, వెనక్కొచ్చేసిన పిల్లలని లెక్కపెట్టరే? ఇక్కడ కనీసం డిగ్రీ చేతిలో ఉంటుంది. సీజన్‌లో వారానికి 20 గంటలకి మించి ఆట పని చేయించకూడదని ఎన్‌సీఏఏ రూల్. మిగతా టైమ్‌లో పిల్ల చదువుతోందా, పడుకుంటోందా, ఫోన్ చూస్తోందా, దీన్ని గాడిలో పెట్టే కోచే నా దృష్టిలో కోచ్. స్వింగ్ జోలికి వెళ్లకపోవడమే మంచిది.

బర్డీ పాప:
స్వింగ్ విషయంలో శ్రీను అంకుల్‌తో నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తా. చేరిన మొదటి నెలలోనే గ్రిప్ మార్చమనే కోచ్ కనిపిస్తే పారిపోవాలి. రాజు అంకుల్ చెప్పిన డబ్బు సంగతి కూడా నిజమే, టాప్ పదిలో ఉన్న జట్లకి చార్టర్ ఫ్లైట్లు ఉంటే మేం వ్యాన్‌లో తొమ్మిది గంటలు కూర్చునేవాళ్లం. కాకపోతే డబ్బు జట్టుని ముప్పయ్యో ర్యాంకు దాకా తెస్తుంది. అక్కడి నుంచి పైకి వెళ్లిన జట్టులో మాత్రం పిల్లలు ఒకరి కోసం ఒకరు ఆడుతుంటారు. అది నేను పక్క ఫెయిర్‌వే నుంచి చూశాను.

డల్లాస్ నాన్న:
బర్డీ పాపా, థాంక్స్ అమ్మా. మరి బయటివాళ్లం మాకు ఇవన్నీ ఎలా తెలుస్తాయి? వెబ్‌సైట్‌లో అందరూ నవ్వుతూనే ఉంటారు.

బర్డీ పాప:
క్యాంపస్ చూడ్డానికి వెళ్లినప్పుడు స్టార్ ప్లేయర్‌తో కలిపిస్తారు అంకుల్. ఆ అమ్మాయి ఎలాగూ బాగానే చెబుతుంది. గత టోర్నీకి వెళ్లని అమ్మాయితో పావుగంట మాట్లాడతానని పాపని అడగమనండి. లైనప్ ఎలా తీస్తారో కోచ్‌ని సూటిగా అడగండి. జవాబు రెండు వాక్యాల్లో రాకపోతే అనుమానించండి. గత నాలుగేళ్ల రోస్టర్లు (జట్టు సభ్యుల జాబితాలు) పక్కపక్కన పెట్టి, మధ్యలో మాయమైన పేర్లు ఎన్నో చూడండి. ట్రోఫీల కంటే అదే ఎక్కువ చెబుతుంది.

ఈస్ట్‌పాయింట్ రాజు:
ఈ రోస్టర్ల సలహా బాగుంది. అయినా నా లెక్క మారలేదు. స్టాన్‌ఫర్డ్ కోచ్‌నీ, నీ రెండో కాలేజీ కోచ్‌నీ ఒక ఐదేళ్లు అటూ ఇటూ మారిస్తే కప్పులు ఎక్కడుంటాయో అందరికీ తెలుసు.

బర్డీ పాప:
కప్పులు అక్కడే ఉంటాయి అంకుల్, ఒప్పుకుంటా. కానీ డల్లాస్ అంకుల్ వాళ్ల పాప చేరబోయేది తొంభై శాతం స్టాన్‌ఫర్డ్‌లో కాదు కదా. మిగతా కాలేజీల్లో ఒకదానికీ ఇంకోదానికీ తేడా కోచ్ వల్లే.

డల్లాస్ నాన్న:
పాప ఆరేడుగురు కోచ్‌లకి మెయిల్ పెట్టింది, ఎవరూ సరిగా జవాబివ్వలేదు. ఒకరు మాత్రం క్యాంప్ పాంప్లెట్ పంపారు. ఆసక్తి లేదని అర్థమా?

చికాగో శ్రీను:
కాదండీ, టెన్షన్ పడకండి. పదో క్లాసు అయ్యాక వచ్చే జూన్ 15 వరకు కోచ్‌లు రిక్రూటింగ్ గురించి రాయకూడదు, మాట్లాడకూడదు. ఆలోపు పంపగలిగేది క్యాంప్ సమాచారం, ప్రశ్నాపత్రం లాంటివే. చూడ్డానికి మాత్రం జూనియర్ టోర్నీలకి వస్తారు. పాప మెయిల్స్ ఆపొద్దు, స్కోర్లూ రాబోయే టోర్నీల తేదీలూ పంపుతూ ఉండమనండి. ఆ పాంప్లెట్ పంపినవాళ్ల పేరు రాసి పెట్టుకోండి.