బయటే మాంసం పెడితే రేచుకుక్కలను సాయంత్రం గదిలోకి రప్పించేదెలా?

మా జూలో ఏడు రేచుకుక్కల (గుంపుగా వేటాడే అడవి కుక్కల) గుంపు ఉంది. మూడు మగవి, నాలుగు ఆడవి, అన్నీ రెండేళ్లు దాటినవే. జనం వెతుక్కుంటూ వచ్చి చూసే జంతువే అయినా మధ్యాహ్నం రెండున్నర దాటితే కనిపించవు. వెనక, రాత్రి గది తలుపు ముందు ఒకే దారిలో అటూ ఇటూ తిరుగుతూ ఈలలు వేస్తుంటాయి. నేలలో గాడి పడింది. కారణం తెలిసిందే: నాలుగున్నరకు లోపల, విడివిడిగా, తలకు కిలోన్నర గేదె మాంసం.

వేళ మారుస్తూ చూశాం. తిరగడం ఇంకా ముందే మొదలైంది. 200 గ్రాముల ముక్కలు పొదల్లో చల్లితే గుంపును నడిపే జంటే చాలావరకు తినేసింది, మిగిలిన ముక్కలు పూడ్చిపెట్టాయి, మర్నాటికి ఈగలు. దుప్పి పెంటికల వాసన కాసేపు పనిచేసింది గానీ పరాన్నజీవుల భయంతో పశువైద్యులు ఆపించారు (సబబే).

అడవిలో ఒకే వేటను గుంపంతా కలిసి తింటాయి కాబట్టి ఎముకతో ఉన్న గేదె తొడ, సుమారు 12 కిలోలు, గొలుసుతో దుంగకు కట్టి ఉదయం పదింటికి బయట పెట్టాం. ఇది బాగా కుదిరింది: కొట్లాట లేదు, గుంపులో కింది స్థాయివాటికీ అందింది, గాడి వైపు పోలేదు. చిక్కల్లా సాయంత్రమే. కడుపు నిండినవి లోపలికి రావు. ఈల, గంట, అరకిలో కాలేయం, దేనికీ కదల్లేదు. తరిమితే గుంపు బెదిరిపోతుంది, అది వద్దు.

విశాఖ జూలోగానీ మరోచోటగానీ రేచుకుక్కలతో పనిచేసినవారు చెప్పండి: బయట పెద్ద ముక్క పెట్టిన రోజున గుంపును రాత్రి గదిలోకి ఎలా రప్పిస్తున్నారు?