‘ఆర్కాడియాలోనూ నేను’ అనా, ‘ఆర్కాడియాలో నేనూ’ అనా?

చిత్తుప్రతి:
ఒక వాక్యం బుర్రలో తిరుగుతూనే ఉంది, వదలడం లేదు. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారుడు నికోలా పూసాఁ గీసిన ఆర్కాడియా (కవులు సుఖసీమగా పాడుకున్న గ్రీసు పల్లెసీమ) కాపరుల బొమ్మను ఎప్పుడో ఒక పాత వారపత్రిక ప్రత్యేక సంచికలో నలుపు తెలుపుల్లో వేశారు. సమాధి మీద చెక్కిన లాటిన్ మాటలకు బొమ్మ కింద తెలుగు ఇచ్చారు. అది ‘ఆర్కాడియాలోనూ నేను’ అనా, ‘ఆర్కాడియాలో నేనూ’ అనా? దీర్ఘం ఎక్కడుందో గుర్తు రావడం లేదు. చివర ఒక క్రియ కూడా ఉన్నట్టుంది. ఆ సంచిక ఎవరి దగ్గరైనా ఉంటే చూసి చెప్పగలరా? అనువాదం ఎవరిదో తెలిస్తే ఇంకా మేలు.

తాళపత్రం:
సంచిక నా దగ్గర లేదండీ. కానీ ‘లోనూ’ అనే ఉండాలి. ‘ఎత్ ఇన్ ఆర్కాడియా ఎగో’ అన్నవి నాలుగే మాటలు, క్రియ లేదు. ‘కూడా’ అనే అర్థంలో వచ్చిన ‘ఎత్’ తన తర్వాతి మాటనే పట్టుకుంటుంది. తర్వాత ఉన్నది ‘ఇన్ ఆర్కాడియా’, ‘ఎగో’ కాదు. ‘నేనూ’ అనాల్సి వచ్చినప్పుడు రోమన్ కవి వర్జిల్ దాన్ని ఎక్కడ పెట్టాడో ఆయన కాపరుల పాటల్లో, అంటే ఎక్లోగ్‌లలో, తొమ్మిదోదానిలో చూడండి. లికిడాస్ అనే కాపరి అంటాడు: ‘ఎత్ మే ఫేకేరే పోఎతమ్ పీఎరిదేస్, సుంత్ ఎత్ మిహి కార్మినా.’ కళాదేవతలు నన్నూ కవిని చేశారు, నాకూ పాటలున్నాయి అని. రెండుచోట్లా ‘ఎత్’ సర్వనామానికి ఆనుకునే ఉంది. పూసాఁ రాతలో అలా లేదు. కాబట్టి ‘ఆర్కాడియాలోనూ నేనున్నాను’, ఆ మాట అంటున్నది మృత్యువు. కళాచరిత్రకారుడు పనోఫ్‌స్కీ 1936లోనే ఈ సంగతి తేల్చాడు.

ద్రుతం:
‘కూడా’ అని చెప్పే ముక్క లాటిన్‌లో ముందు వస్తుంది, మనకు వెనక వస్తుంది. ‘నేనును’ అన్నది వాడుకలో ‘నేనూ’ అయింది. ఆ ‘ను’ సముచ్చయం ఏ మాట చివర చేరితే ఆ మాటకే చెల్లుతుంది. లాటిన్‌లో క్రియ లేదు గనక చదివేవాడు రెండు వైపులా లాగడానికి కాస్త చోటుంది. తెలుగులో ఆ చోటు లేదు. దీర్ఘం ఎక్కడో ఒకచోట పెట్టి తీరాలి, పెట్టిన క్షణంలోనే మాట్లాడుతున్నది మృత్యువా, చచ్చిపోయిన కాపరా అన్నది తేలిపోతుంది. చిత్తుప్రతి గారికి పట్టుకున్నది చిన్న సందేహమేమీ కాదు.

కుంచె:
తాళపత్రం గారు పనోఫ్‌స్కీని సగంలో ఆపేశారు. వ్యాకరణం ప్రకారం అది మృత్యువు మాటే అని ఆయన అన్నది నిజం. కానీ పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉన్న పూసాఁ బొమ్మ దగ్గరకు వచ్చేసరికి, ‘నేనూ’ అనే అర్థం వ్యాకరణానికి విరుద్ధమైనా ఆ బొమ్మకు మాత్రం న్యాయం చేస్తుందని ఆయనే ఒప్పుకున్నాడు.

బొమ్మల వరసలో చూడండి. ఈ మాటలు మొదట కనిపించేది ఇటలీ చిత్రకారుడు గ్వెర్చీనో బొమ్మలో, 1618, 1622 మధ్య గీసినది, రోమ్‌లో పాలాత్సో బార్బెరీనీలో ఉంది. రాతిదిమ్మ మీద పుర్రె, దాని దగ్గర ఎలుక, ఈగ. ఇద్దరు కుర్ర కాపరులు చెట్ల చాటు నుంచి వచ్చి చూస్తున్నారు. మార్సియాస్ చర్మాన్ని అపోలో ఒలుస్తున్న ఇంకో గ్వెర్చీనో బొమ్మ ఫ్లోరెన్స్‌లో ఉంది, అందులో పక్కన నిలబడి చూసేదీ ఈ ఇద్దరే. ఇక్కడ మాట్లాడుతున్నది పుర్రె, సందేహం లేదు.

పూసాఁ మొదటిసారి 1627 ప్రాంతంలో గీసినది ఇంగ్లండ్‌లో చాట్స్‌వర్త్‌లో ఉంది. అందులోనూ సమాధి మీద పుర్రె ఉంది, చిన్నది, నీడలో. కాపరులు పరుగున వచ్చినట్టు ముందుకు వంగి చదువుతున్నారు. 1637, 38 ప్రాంతంలో మళ్ళీ గీశాడు. అదే లూవ్ర్‌ది, 85 సెంటీమీటర్ల ఎత్తు, 121 వెడల్పు. అందులో పుర్రె లేదు. హడావుడి లేదు. గడ్డం కాపరి మోకాలి మీద కూర్చుని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి కూడబలుక్కుంటున్నాడు. ఎర్ర బట్ట కట్టుకున్న కుర్రాడు పక్కనున్న స్త్రీ వైపు తల తిప్పి, ఇదేమిటని అడుగుతున్నట్టు చూస్తున్నాడు. ఆమె చెయ్యి అతని వీపు మీద ఉంది. ఇంత నెమ్మదిగా ఉన్న బొమ్మలో మృత్యువు గొంతు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ సమాధిలో పడుకున్నవాడు మాట్లాడుతున్నాడు, ‘నేనూ ఇక్కడే ఉండేవాణ్ణి’ అని. పూసాఁని ఎరిగిన, ఆయన జీవితం గురించి రాసిన ఫెలిబియాఁ కూడా దాన్ని ఆ సమాధిలో ఉన్నవాడి మాటగానే తీసుకున్నాడు.

ఎర్రసిరా:
మనకు ‘నేను సైతం’ ఉండగా ఇంత తర్జనభర్జన ఎందుకు? శ్రీశ్రీ దీర్ఘం జోలికే పోలేదు. ‘నేనూ’ అంటే వరసలో ఇంకొకడు, అంతే. ‘నేను సైతం’ అనగానే ఆ నేను నిటారుగా నిలబడతాడు. ‘నేను సైతం ఆర్కాడియాలో’ అని ఒకసారి పైకి చదివి చూడండి, సమాధిరాయికి తగిన బరువు వస్తుంది.

ద్రుతం:
బరువు వస్తుంది, నిజమే. కానీ సైతం అన్నది సహితం నుంచి వచ్చింది. దానిలో ‘కలిసి’ అనే అర్థం ఇంకా ఉంది. శ్రీశ్రీకి అది కావాలి, ఎందుకంటే ఆయన నేను జనంలో కలవడానికి వెళ్తున్నవాడు. సమాధిలో ఉన్నవాడు ఎవరితో కలుస్తాడు? అయినా ఎర్రసిరా గారూ, ‘ఆర్కాడియాలో సైతం నేను’ అంటే మళ్ళీ తాళపత్రం గారి దారికే వస్తారు. సైతం కూడా ఏ మాట వెనక నిలబడితే దానిదే.

తాళపత్రం:
‘నేను సైతం’ అన్న దారిలో జర్మన్లు ఎప్పుడో వెళ్ళారు. గ్యోతే తన ఇటలీ యాత్రకు ‘నేనూ ఆర్కాడియాలో’ అన్న మాటను ముందు పెట్టుకున్నాడు. అక్కడ చావూ లేదు, సమాధీ లేదు. సుఖంగా తిరిగి వచ్చినవాడి మాట అయిపోయింది. అంతకుముందు 1769లో ఇంగ్లీషు చిత్రకారుడు రేనాల్డ్స్ ఇద్దరు స్త్రీల చిత్రంలో ఈ మాటలు సమాధి మీద రాస్తే, మూడో జార్జి రాజు చూడగానే ‘ఆర్కాడియాలోనూ చావు ఉంది’ అన్నాడట. రాజుగారికి తెలిసిన ‘ఎత్’ గ్యోతేకు తెలియదని నేననను, కానీ దాన్ని పక్కకు జరిపింది గ్యోతేనే.

రంగస్థలి:
సమాధి, కాపరి, చదవడం అంటున్నారు గనక జాషువా గారి శ్మశానవాటి గుర్తు చేసుకోకుండా ఎలా? హరిశ్చంద్ర నాటకం కాటిసీనులో ఆ పద్యాలు వినని తెలుగువాడు ఉండడు. ‘ఇచ్చోటనే సత్కవీంద్రుని కమ్మని కలము’ అని మొదలుపెట్టి, కవి, రాజు, లేత ఇల్లాలు అయ్యాక చివరి పాదం ఎవరికిచ్చాడో చూడండి. చిత్రకారుడికి. ‘చిత్రలేఖకుని కుంచియ నశించె’. స్టేజీ మీద ఆ ‘నే’ దగ్గర రాగం తీస్తుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ‘ఇన్ ఆర్కాడియా’కు నా ఓటు ‘ఇచ్చోటనే’కి. ఆర్కాడియా పేరే అక్కర్లేదు.

ద్రుతం:
అద్భుతమైన పోలిక. ఒక్క మాట మాత్రం. ఆ ‘నే’ మొదటి మూడు పాదాల్లోనే ఉంది. నాలుగో పాదం ‘ఇచ్చోట నెట్టి’ అని నడుస్తుంది, అంటే ఇచ్చోటన్ ప్లస్ ఎట్టి. చిత్రకారుడి దగ్గరకు వచ్చేసరికి అవధారణ, అంటే నొక్కి చెప్పే ఏకారం, లేదు. గాయకులు ఆ తేడా వినిపించేలా పాడితే బాగుంటుంది. పైగా ‘ఇచ్చోటనే’ అంటే ‘ఇక్కడే, ఇంకెక్కడా కాదు’. మనకు కావలసింది ‘ఇక్కడ కూడా’. ఏకారం పని వేరు, దీర్ఘం పని వేరు.

రంగస్థలి:
పని వేరే కావచ్చు గానీ గుండె ఒకటేనండీ. సమాధి ముందు నిలబడిన మనిషికి ‘ఇక్కడ కూడా’ కన్నా ‘ఇక్కడే’ అన్నదే ముందు తోస్తుంది. జాషువా గారికి ఆ సంగతి బాగా తెలుసు.

కుంచె:
మళ్ళీ వర్జిల్ దగ్గరకు వెళ్దాం. తాళపత్రం గారు తొమ్మిదో ఎక్లోగ్ చెప్పారు, అయిదోది ఎందుకు వదిలేశారో! డాఫ్నిస్ చనిపోతే కాపరులు సమాధి కట్టి దాని మీద ఏం రాయాలో అక్కడే ఉంది: ‘డాఫ్నిస్ ఎగో ఇన్ సిల్విస్...’ డాఫ్నిస్‌ని నేను, అడవుల్లో, ఇక్కడి నుంచి నక్షత్రాల దాకా తెలిసినవాణ్ణి. అక్కడా క్రియ లేదు. ‘ఎగో’ ఉంది, ‘ఇన్’ ఉంది, మాట్లాడేది సమాధిలో ఉన్న కాపరి. ‘ఎత్ ఇన్ ఆర్కాడియా ఎగో’ అన్న మాటలు పాత లాటిన్ సాహిత్యంలో ఎక్కడా దొరకవు, ఈ డాఫ్నిస్ సమాధిరాతే దానికి దగ్గరి చుట్టం. మొదట పారిస్‌లో ఇటలీ కవి మరీనో కోసం ఓవిడ్ కథలకు బొమ్మలు గీసి, 1624లో రోమ్ చేరిన పూసాఁ వర్జిల్‌ని మరిచిపోయి ఉంటాడా?

తాళపత్రం:
మరిచిపోలేదు. కానీ మీరే చూపించిన పంక్తిలో ‘ఎత్’ లేదు. డాఫ్నిస్‌కు దాని అవసరం లేదు, తన పేరు తనే చెప్పుకుంటున్నాడు. ఆర్కాడియా రాతలో పేరు లేదు, ‘ఎత్’ ఉంది. పేరు లేని నేను ఎవరు? పుట్టినవాళ్ళందరికీ తెలిసిన నేను ఒకటే. పూసాఁ జీవితచరిత్ర రాసిన బెల్లోరి కూడా 1672లో దాన్ని ‘సుఖం చావుకు లోబడినది’ అన్న భావంతోనే చెప్పాడు. ఆయనా పూసాఁని ఎరిగినవాడే, మీ ఫెలిబియాఁ లాగానే.

కుంచె:
లూవ్ర్ బొమ్మలో రాత రెండు వరసల్లో ఉందన్నది మరవకండి. పైన ‘ఎత్ ఇన్ ఆర్కాడియా’, కింద ‘ఎగో’ ఒంటరిగా. కంటికి ఆ ‘ఎగో’ విడిగా నిలబడి కనిపిస్తుంది. చదువుతున్న కాపరి చెయ్యి నీడ రాయి మీద పడి కొడవలిలా ఉందని కొందరు అంటారు. నాకు ఆ నీడలో రోమన్ రచయిత ప్లినీ చెప్పిన కథే కనిపిస్తుంది. కొరింథ్‌లో ఒక కుమ్మరి కూతురు, దూరదేశం వెళ్ళే ప్రియుడి నీడను గోడ మీద గీత గీసి ఉంచుకుందట. చిత్రకళ పుట్టుక ఆ గీతే అంటారు. పోయినవాణ్ణి దగ్గర ఉంచుకోవడానికే బొమ్మ. అందుకే మాట్లాడేది పోయినవాడు.

రెండు బొమ్మల మధ్య ఆయన జీవితమూ మారింది. 1629 ప్రాంతంలో పెద్ద జబ్బు చేసింది. రోమ్‌లో ఉన్న ఫ్రెంచి వంటవాడు డ్యుగే ఇంట్లో వాళ్ళు సేవ చేసి బతికించారు. 1630లో ఆ ఇంటి పిల్ల ఆన్-మరీనే పెళ్ళి చేసుకున్నాడు. చావు ఎదురుపడి వెళ్ళిపోయిన మనిషి రెండో బొమ్మలో పుర్రె గీయలేదంటే నాకు ఆశ్చర్యం లేదు.

ద్రుతం:
జీవితం సంగతి నాకు తెలియదు గానీ, తెలుగులో ఇంకో చిక్కుంది. ‘ఉన్నాను’ అంటే ఆడో మగో, మృత్యువో ఎవరో చెప్పనక్కర్లేదు. ‘ఉండేవాణ్ణి’ అన్నామా, మగవాడు. ‘ఉండేదాన్ని’ అంటే ఆ స్త్రీ గురించి కొత్త కథ మొదలవుతుంది. లాటిన్ ‘ఎగో’కు లింగం లేదు, కాలం లేదు. చిత్తుప్రతి గారూ, చివర క్రియ ఉందన్నారు కదా. ‘ఉన్నాను’ అయితే తాళపత్రం గారు, ‘ఉండేవాణ్ణి’ అయితే కుంచె గారు గెలిచినట్టు. దీర్ఘం గుర్తు లేకపోయినా పని జరుగుతుంది.

రంగస్థలి:
కుంచె గారూ, పూసాఁ సమాధి మీద ఏం రాశారు?

కుంచె:
మంచి ప్రశ్న. 1665లో రోమ్‌లోనే పోయాడు. చివరి రోజుల్లో చెయ్యి వణికేది. అపోలో, డాఫ్నేల బొమ్మ పూర్తి చేయలేక అలాగే, తర్వాత కార్డినల్ అయిన మాస్సిమీకి ఇచ్చేశాడు, అదిప్పుడు లూవ్ర్‌లో ఉంది. దగ్గరికెళితే ఆ వణుకు తెలుస్తుంది, ఆకులు చిన్న చిన్న ముద్దలుగా పడ్డాయి. ఆయన్ని పూడ్చింది సాన్ లొరెంత్సో ఇన్ లుచీనా చర్చిలో. తర్వాత ఫ్రెంచి రచయిత షతోబ్రియాఁ అక్కడ స్మారకం కట్టించి, దాని మీద ఈ ఆర్కాడియా కాపరులనే చెక్కించాడు. బెల్లోరి రాసిన లాటిన్ పద్యం భావం ఇది: కన్నీళ్ళు ఆపండి, ఇక్కడ ఆయన మౌనంగా ఉన్నాడు, మాట వినాలంటే బొమ్మల్లో బతికి మాట్లాడుతున్నాడు.

రంగస్థలి:
అంటే జాషువా గారు ‘నశించె’ అన్నచోట బెల్లోరి ‘మాట్లాడుతున్నాడు’ అన్నాడు. నాకు జాషువా గారి మాటే నిజంగా తోస్తుంది. బొమ్మ మాట్లాడవచ్చు, కుంచె మాత్రం పోయింది.

చిత్తుప్రతి:
అందరికీ ధన్యవాదాలు. ద్రుతం గారు అడిగాక ఆలోచిస్తే, చివర ‘వాణ్ణి’ ఉన్నట్టే తోస్తోంది. బొమ్మలో ఇంకోటి కూడా గుర్తొచ్చింది. ముందు వైపు ఒక పక్కన ముసలాయన కూర్చుని నీళ్ళు ఒంపుతున్నాడు.

తాళపత్రం:
ఆయన అల్ఫియస్, ఆర్కాడియా నదీదేవుడు! అంటే మీరు చూసింది లూవ్ర్‌ది కాదు, చాట్స్‌వర్త్‌ది. సమాధి మీద పుర్రె ఉన్న బొమ్మ. పుర్రె పెట్టి ‘ఉండేవాణ్ణి’ అని ఎవరు రాస్తారండీ? ‘వాణ్ణి’ కాదేమో, మళ్ళీ ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

కుంచె:
ఎందుకు రాయరు? ఆ పుర్రె నీడలో ఉంది, నలుపు తెలుపు అచ్చులో కనిపించి ఉండదు. అనువదించినవాళ్ళకు సమాధి ఒక్కటే కనిపించి ఉంటుంది. చిత్తుప్రతి గారూ, ‘వాణ్ణి’ దగ్గరే ఉండండి.