షియా యూ పోయెమ్స్ ఉత్త పగటికలలేనా?

సత్య_బెజవాడ:
అందరికీ నమస్తే. తైవాన్ కవయిత్రి షియా యూ పోయెమ్స్ ఇంగ్లీష్‌లో దొరికినన్ని చదువుతున్నా. ఒకదాంట్లో, నీ నీడకి కాస్త ఉప్పేసి ఊరబెట్టి గాలికి ఆరబెడతా, ముసలితనంలో మందులోకి నంజుకుంటా అంటుంది, అంతే పోయెమ్, అస్సలు వదలట్లేదు నన్ను. మా రీడింగ్ గ్రూప్‌లో చూపిస్తే ఒక పెద్దాయన ఇది ఉత్త పగటికలమ్మా, జీవితం ఎక్కడుంది ఇందులో అన్నారు. నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు కానీ జవాబు తట్టలేదు. మీరేమంటారు?

బ్రాడీపేట_పాఠకుడు:
సత్య గారూ, అది 1984లో ఆమె సొంతంగా వేసుకున్న మొదటి పుస్తకంలోది, ఆ పోయెమ్ పేరు తీయని పగ. జీవితం లేదంటారేంటండీ, మనం మాగాయకి చేసేది అదేగా, ముక్కలకి ఉప్పు పట్టించి ఊరాక ఆరబెట్టడం. మన భావకవుల ఊహాప్రేయసి ఎప్పుడూ మబ్బుల్లోనే ఉంటుంది, ఊహించేది మగాడు. ఇక్కడ ఊహించేది ఆడమనిషి, ఆ ఊహ చేతికి తగుల్తుంది, ఉప్పగా ఉంటుంది.

కృష్ణలంక_అక్క:
ఆయనకి 1991 పుస్తకంలోని వెంట్రిలోక్వీ (అంటే పెదాలు కదపకుండా మాట్లాడే విద్య) పోయెమ్ చదివి వినిపించు సత్యా. దాంట్లో ఆమె వేరే గదిలోకెళ్ళిపోయి తన పెళ్ళికి తనే అందదు, గోడకున్న ఒక్క సందులోంచి చూస్తే తను లేకుండానే పెళ్ళి ఏ లోటూ లేకుండా జరిగిపోతూ ఉంటుంది, వరుడు, పూలు పట్టుకున్న వధువు, ప్రమాణాలు, అన్నీ. పీటల మీద కూర్చున్న ఎంతమందికి ఇలా అనిపించి ఉంటుంది, పైకి అన్నవాళ్ళెవరు? నాకీ పెళ్ళి ఇష్టం లేదు అని రాసేస్తే ఒక్క మాటలో తేలిపోయేది, ఇక్కడ ఇష్టమో కాదో కూడా తేలదు, నాకు భయమేసింది అక్కడే.

తెనాలి_రవి:
భావకవుల్ని మరీ అలా తీసిపారేయకండి బ్రదర్, కృష్ణశాస్త్రి ఊర్వశిని ఊహించకపోతే మనకి అంత ధైర్యంగా కలగనడం ఎవరు నేర్పేవాళ్ళు. కానీ షియా యూ విషయంలో మీతో ఏకీభవిస్తా. అక్క చెప్పిన 1991 పుస్తకాన్నే తర్వాత ముక్కలు ముక్కలుగా కత్తిరించి, ఆ మాటల్నే వేరేగా అతికించి 1995లో ఇంకో పుస్తకం చేసింది. 2007లో పింక్ నాయిస్ అనే పుస్తకాన్నయితే మొత్తం ట్రాన్స్‌పరెంట్ షీట్ల మీద అచ్చేసింది, కింది పేజీల అక్షరాలు పైకి కనిపించి ఒకదానిమీద ఒకటి పడతాయి. అది చదవడం కష్టం, నాకు మొదటి రెండు పుస్తకాలే ఎక్కువిష్టం, అయినా కత్తెర పట్టుకుని ఇంత పని చేసిన మనిషిది ఉత్త పగటికల ఎలా అవుతుంది?

సత్య_బెజవాడ:
థాంక్యూ అందరికీ. అక్కా, వచ్చే మీటింగ్‌లో పెళ్ళి పోయెమే ముందు చదువుతా, మా గ్రూప్‌లో ఆడవాళ్ళని ముందు మాట్లాడమంటా, పెద్దాయన్ని ఆ తర్వాత.